ముఖం చూసి చేసిన లెక్క

"తలుపు తియ్యమ్మా పిచికా. ఎవరూ ఏమీ అనరు."

"నేను రాను."

"నా మీద ఒట్టు. ఒక్క మాట కూడా అనం."

బాత్రూంలో కుళాయి ఇంకాస్త గట్టిగా తిరిగింది. ఏడుపు బయటికి వినపడకూడదని పిల్ల వేసిన ఎత్తు అది. వాళ్ళ నాన్న తలుపుకి చెవి ఆనించి నిలబడ్డాడు. వీధి మొగలో కళ్ళజోళ్ళ షాపు నడుపుతాడు గనక ఊరంతా ఆయన్ని అద్దాలాయన అంటారు. కబురు వినగానే షాపు అలాగే వదిలేసి పరిగెత్తుకొచ్చినట్టున్నాడు, ఎవరిదో ఫ్రేము ఇంకా చొక్కా జేబులోంచి తొంగిచూస్తోంది.

"ట్యాంకు ఖాళీ అయిపోతోందిరా," అంది హాల్లోంచి అద్దాలాయన తల్లి. "పిల్లని ఓదార్చేలోపు ఇంటిల్లిపాదికీ నీళ్ళుండవు."

"ఇప్పుడా అమ్మా నీ హాస్యాలు?"

"హాస్యం కాదు నాయనా. భయమేస్తే నా నోరు ఇలాగే వాగుతుంది. పుట్టినప్పటి నుంచీ వింటున్నావు, నీకు తెలీదా?"

భోజనాల బల్ల దగ్గర కోడలు మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుని ఉంది. ఆఫీసులో ఆమెకి కత్తెర అని పేరు. పిల్లలకి టాబ్‌లో లెక్కలు నేర్పే సాఫ్ట్‌వేర్‌కి తెరలు గీయడం ఆమె పని. తెర మీద ఏ బొమ్మ కనిపించినా, ఏ గీత కనిపించినా "ఇదెందుకు?" అని అడిగి కోసిపారేస్తుంది. అందుకని వెనకాల కత్తెర, ఎదురుగా కత్తెర మేడం. అత్తగారికి ఆ పేరు తెగ నచ్చి ఇంట్లో కూడా వాడేస్తోంది.

"టీచరేమంది? మళ్ళీ ఒకసారి చెప్పు," అన్నాడు అద్దాలాయన తలుపు దగ్గర్నుంచే.

"ఎన్నిసార్లు చెప్పాలండీ!"

"నాకు బుర్రకెక్కేదాకా."

"లెక్కల పరీక్షలో కాపీ కొట్టిందట. ఒక అంకె వెయ్యడం, తలెత్తి చూడడం, చెరిపెయ్యడం. ఇంకోటి వెయ్యడం, మళ్ళీ చూడడం. పక్కవాళ్ళ వంకా చూసిందట, టీచరు వంకా చూసిందట. చెరిపి చెరిపి కాగితం చిల్లు పడిందట. రేపు పొద్దున్నే హెడ్మిస్ట్రెస్ గదికి రమ్మన్నారు. కాపీ అని తేలితే ఈ ఏడు పరీక్షలేవీ లెక్కలోకి రావు. మళ్ళీ అదే క్లాసు చదవాలి."

"టీచరు వంక చూసి కాపీ కొట్టడమేంటి? టీచరు ముఖాన ఏమన్నా రాసుందా?"

ఆ మాటకి కత్తెర తలెత్తింది. ఏదో అడగబోయి ఆగిపోయింది. అప్పుడామె మనసులో ఏం మెదిలిందో ఆమెకే సరిగ్గా తెలీదు.

"మీరు తప్పుకోండి," అంటూ లేచి తలుపు దగ్గరికొచ్చింది. "పిచికా, నేనే. కాపీ సంగతి అడగను. ఒక్క లెక్క చేద్దాం, వస్తావా?"

కుళాయి ఆగింది.

"టాబ్‌లోనా?"

"ముందు బయటికి రా."

గడియ తీసిన చప్పుడైంది. పిచిక ముఖం కడుక్కుని, కళ్ళజోడు తుడుచుకుని మరీ వచ్చింది. ఆ కళ్ళజోడు కొత్తది. మొన్న మొన్ననే నాన్న షాపులో పరీక్ష చేసి పెట్టాడు.

కత్తెర బల్ల మీద తెల్లకాగితం పరిచి, పెన్సిలూ రబ్బరూ పెట్టింది. విప్పారబోయిన పిల్ల ముఖం అక్కడే ముడుచుకుపోయింది.

"నలభై ఏడుని ఆరుతో గుణించు."

పిచిక అంకెలు గుండ్రంగా వేసి, కింద గీత గీసింది. గీత కింద, కుడి చివర, ఒకటి వేసింది. వేసి తలెత్తి తల్లి ముఖంలోకి చూసింది.

తల్లి ఏమీ అనలేదు. అనకూడదని గట్టిగా అనుకుంది కూడా. కానీ మనిషన్నాక కనుబొమ ఊరుకోదు కదా, రవ్వంత పైకి లేచింది.

పిచిక ఒకటి చెరిపేసి రెండు వేసింది. మళ్ళీ చూసింది. కనుబొమ దిగింది. పిల్ల పెన్సిలు ఎడమ పక్కకి జరిపి మళ్ళీ ఒకటి వేసింది.

"ఆగు. ఆరేడులెంత?" అంది కత్తెర.

"నలభై రెండు." టక్కున చెప్పింది.

"తెలుసుగా! మరి రెండు వెయ్యకుండా ముందు ఒకటెందుకు వేశావు?"

"ఒకటి నుంచే కదమ్మా మొదలెట్టాలి." పిచికకి ఆ ప్రశ్నే వింతగా ఉంది. "ఒకటి వేస్తే బాక్స్ ఊగుతుంది. ఊగితే రెండు. మళ్ళీ ఊగితే మూడు. ఊగనిది వచ్చేదాకా వెయ్యాలి. నీ బాక్సే కదా?"

అద్దాలాయన భార్య వంక చూశాడు. ఆమె ఎవరి వంకా చూడలేదు.

"ఈసారి నేను చూడను. నువ్వే చెయ్యి," అని కుర్చీ వెనక్కి తిప్పుకుని గోడ వైపు కూర్చుంది. అత్తగారు కూడా ఎందుకైనా మంచిదని కొంగుతో ముఖం తుడుచుకుంటున్నట్టు అలాగే ఉండిపోయింది. అద్దాలాయన కిటికీ దగ్గరికి పోయాడు.

పెన్సిలు చప్పుడు ఒకసారి వినిపించింది. తర్వాత ఏమీ లేదు. వీధిలో ఎవరో స్కూటర్ స్టార్టు చెయ్యలేక తంటాలు పడుతున్నారు. అది స్టార్టయింది, వెళ్ళిపోయింది కూడా.

"అమ్మా."

"ఊఁ."

"ఇటు తిరగవా?"

కత్తెర తిరగలేదు. తిరిగితే పిల్లకి ఏం కనిపిస్తుందో ఆమెకి తెలుసు.

*

మొదట్లో ఆ లెక్కల తెర మీద 'సరిచూడు' అని ఒక బటన్ ఉండేది. పిల్లలు జవాబు మొత్తం వేసి, అది నొక్కితేనే తప్పో ఒప్పో తెలిసేది.

కొత్త తెర గీసినప్పుడల్లా కత్తెర ముందు పిచిక చేతికే ఇచ్చేది. తను వెనకాల కూర్చుని పిల్ల వేలు ఎటు పోతోందో చూసేది. అన్ని చోట్లా వేలు చకచకా పోయేది గానీ ఆ బటన్ దగ్గరికొచ్చేసరికి ఆగేది. నొక్కబోయి వెనక్కి వచ్చేది. జవాబు వంక చూసేది, మళ్ళీ వెళ్ళేది.

వేలు ఆగిన చోటల్లా తప్పు మనదే అని ఆఫీసులో అందరికీ నూరిపోసింది ఆవిడే. అందుకే ఆ బటన్ కోసేసింది. అంకె వేసిన మరుక్షణం గడే చెప్పేస్తుంది, తప్పయితే తల అడ్డంగా ఊపినట్టు ఊగుతుంది, ఒప్పయితే కదలకుండా ఉండి పక్క గడి తెరుచుకుంటుంది. తప్పులు ఎన్ని వచ్చాయో చూపిస్తే పిల్లలు చిన్నబుచ్చుకుంటారని ఆ లెక్క కూడా తీసేయించింది. తెర మీద లెక్క, గడులు, అంకెలు తప్ప ఏమీ మిగల్లేదు. పిచిక వేలు ఎక్కడా ఆగకుండా పరిగెత్తింది. ఆఫీసులో చప్పట్లు కొట్టారు. ఇంత తేలికైన తెర ఎక్కడా చూడలేదన్నారు.

ఆ ఆగడంలోనే పిల్ల ఆలోచిస్తోందని ఆమెకి తట్టలేదు. ఎదురుగా కూర్చుని ముఖం చూసి ఉంటే తట్టేదేమో. ఆమె వెనక కూర్చుంది, వేలు చూసింది. అన్ని సాయంత్రాలూ బిడ్డ పక్కనే గడిపానని మురిసిపోయిన తల్లి, బిడ్డ ముఖం ఒక్కసారి కూడా చూడలేదు.

*

"అంటే మన పిల్ల కాపీ కొట్టలేదు," అన్నాడు అద్దాలాయన. పిచికని బామ్మ గదిలోకి పంపించి, తలుపు దగ్గరగా వేసొచ్చాడు. "కాగితం ఊగుతుందేమోనని చూసింది. ఊగకపోయేసరికి మనుషుల ముఖాలు చూసింది. అంతేనా?"

"అంతే."

"మరి రేపు వెళ్ళి ఆ మాటే చెప్పు."

"చెప్పడానికి ఎంతసేపండీ! వచ్చే వారం ఆ స్కూల్లో పిల్లలందరికీ మా సాఫ్ట్‌వేరే పెడుతున్నారు. ఆ హెడ్మిస్ట్రెస్ పెట్టించుకుంటే మిగతా స్కూళ్ళన్నీ ఆవిడ వెనకే వస్తాయి. ఆవిడ ముందు నిలబడి, 'మా తెర వల్ల పిల్లలు ఇలా అవుతారండీ, మా అమ్మాయే సాక్ష్యం' అనమంటారా?"

"అనమనే అంటున్నా."

"మీకేం, అనేస్తారు. నాతో పాటు పనిచేసే వాళ్ళ సంగతి?"

"వాళ్ళ పిల్లలెవరూ రేపు దోషిలా నిలబడరు. నీ పిల్ల నిలబడుతుంది."

"నా పిల్లేనా? మీకేం కాదా?" కత్తెరకి ఒళ్ళు మండింది. "దాని చేతికి టాబ్ ఇచ్చి ఆదివారం మధ్యాహ్నాలు గుర్రు పెట్టి నిద్రపోయిందెవరు? షాపుకొచ్చిన వాళ్ళందరికీ 'మా పిచిక లెక్కల్లో పులి' అని టాబ్ చూపించి డప్పు కొట్టిందెవరు? ఒక్కరోజు, ఒక్కరోజైనా కాగితం మీద చేయించారా?"

"నువ్వు గొప్పగా చేశావనుకున్నా కాబట్టి చేయించలేదు. నిన్ను నమ్మాను. అది నా తప్పే."

ఆ చివరి మాట ఆయన కోపంగా అని ఉంటే ఆమె ఇంకో నాలుగు అని ఉండేది. మెల్లగా అన్నాడు.

అద్దాలాయన జేబులోని ఫ్రేము తీసి చేతిలో అటూ ఇటూ తిప్పాడు. ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"కళ్ళు పరీక్ష చేసేటప్పుడు ఏం చేస్తానో తెలుసా?" అన్నాడు. "ఒక అద్దం పెడతా. తీసి ఇంకోటి పెడతా. 'ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?' అంటా. మొన్న పిచిక వెంటనే చెప్పలేదు. నా వంక చూసి, చూసి, 'ఇదే బాగుంది నాన్నా' అంది."

"అయితే?"

ఆయన నేరుగా బామ్మ గదిలోకి వెళ్ళాడు. కత్తెర గుమ్మం దాకా వెళ్ళి నిలబడింది. పిచిక మంచం మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది.

"కళ్ళజోడు తియ్యి తల్లీ. నా వంక చూడకు. అదుగో, ఆ గోడ మీద క్యాలెండర్. అన్నిటికన్నా కింద, చిన్న చిన్న అక్షరాలున్నాయే, అవి చదువు."

అచ్చువేసిన ప్రెస్సు పేరు, వీధి పేరు, ఫోన్ నంబరుతో సహా పిచిక గడగడా చదివేసింది. బామ్మకైతే క్యాలెండర్లో నెల పేరు కూడా మసకే. "అమ్మో, నాకు ఆ ప్రెస్సు ఉందనే తెలీదే," అంది ఆవిడ.

అద్దాలాయన కళ్ళజోడు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఊళ్ళో ఎందరికో చూపు సరిచేసిన మనిషి, కన్నకూతురి మంచి కళ్ళకి అద్దాలు తగిలించాడు. "తలనొప్పి వస్తోందామ్మా వీటితో?" అని అడిగాడు.

పిచిక ఆయన వంక చూసింది. చూసి, "రావట్లేదు నాన్నా," అంది.

నిజమో అబద్ధమో ఆయనకి అర్థం కాలేదు. ఇకముందు ఏది అడిగినా ఇదే సందేహమని మాత్రం అర్థమైంది.

*

కత్తెర బాల్కనీలో ఆరేసిన బట్టల మధ్య నిలబడి ఆఫీసులో పెద్దమేడానికి ఫోన్ చేసింది. కంపెనీ పెట్టింది ఆవిడే. కత్తెరని చేరదీసి పని నేర్పింది కూడా ఆవిడే. చెప్పిందంతా ఆవిడ అడ్డు రాకుండా విన్నది.

"పాపం, పిల్ల ఎలా ఉంది?" అంది చివరికి.

"ఉంది మేడం."

"చూడమ్మా. నువ్వు చెప్పింది నిజమే. ఆ బటన్ మళ్ళీ పెట్టేద్దాం. నాలుగైదు వారాల్లో చేసేస్తారు మనవాళ్ళు. ఎవరికీ చెప్పక్కర్లేదు, కొత్తగా ఇంకా బాగు చేశామంటాం. అంతవరకూ నోరు మెదపకు."

"ఈలోగా ఆ స్కూల్లో పిల్లలందరూ..."

"నాలుగు వారాల్లో కొంపలేం మునగవు."

"మా అమ్మాయి విషయం రేపు పొద్దున్నే మేడం."

"ఒంట్లో బాగాలేదని చెప్పు. కంగారు పడిందని చెప్పు. చిన్నపిల్ల, వాళ్ళు మాత్రం కాదంటారా? నిజం చెప్పి ఒక్క పిల్లని కాపాడితే, ఇంతమంది కష్టం గంగలో కలుస్తుంది. నేను బెదిరించడం లేదు, నీ మంచికే చెప్తున్నా. ఆ తర్వాత నిన్ను నేను కూడా కాపాడలేను."

ఫోన్ పెట్టేసినా కత్తెర అక్కడే నిలబడిపోయింది. పిల్ల స్కూలు గౌను తీగ మీద ఆరుతోంది. అలవాటుగా తడి చూసి, క్లిప్పు తీసి, మడిచింది.

లోపలికి వచ్చేసరికి అత్తగారు కూరగాయలు తరుగుతోంది. ఫోన్లో మాటలన్నీ విన్నట్టే ఉంది.

"ఏం చెయ్యబోతున్నావమ్మాయ్?"

"నిజం చెప్పేస్తా అత్తయ్యా."

"ఉద్యోగం?"

"ఏమో."

"ఏమో అంటే కుదరదు. మీ ఆయన షాపు సంగతి నీకూ నాకూ తెలుసు. ఇల్లు నడుస్తోంది నీ జీతం మీద. పిల్లకి ఒక ఏడు పోతే పోయింది. చిన్నది, మళ్ళీ చదువుకుంటుంది. నీ ఉద్యోగం పోతే మళ్ళీ ఎవరిస్తారు? నువ్వే చెప్పు. 'నేను చేసిన దాని వల్ల పిల్లలు పాడయ్యారు' అని నీ నోటితో నువ్వే అన్నాక, ఎవరిస్తారు?"

"అమ్మా!" అన్నాడు అద్దాలాయన.

"నన్ను కసరకు. ఇంట్లో ఒకరైనా చేదుమాట అనాలి. మీరిద్దరూ అనలేరని నేనంటున్నా." ఆవిడ కత్తి పక్కన పెట్టేసింది. "పిల్ల మీద ప్రేమ లేక కాదు."

కత్తెరకి అత్తగారి మీద కోపం రాలేదు. ఆవిడ అన్న మాట తనకీ తోచింది, పైకి అనడానికి ధైర్యం చాల్లేదు, అంతే. ఆ సంగతి తనకి తెలిసినందుకు సిగ్గుతో తల వాలిపోయింది.

పిచిక ఉన్న ఆవిడ గది తలుపు దగ్గరగా వేసి ఉందే గానీ మూసి లేదు. ఆ సంగతి ఎవరూ గమనించలేదు.

*

పొద్దున్న బస్సులో పిచిక కిటికీ పక్కన కూర్చుంది. కళ్ళజోడు లేని ముఖం మళ్ళీ పాత పిచికలా ఉంది, ముక్కు మీద మాత్రం ఎర్రటి గుర్తు ఇంకా పోలేదు.

"అమ్మా, నీ బాక్స్ మంచిదే కదా?"

"మంచిదే అనుకున్నా. కాదురా."

"అందరికీ ఇష్టం కదా?"

"తేలిగ్గా ఉంటుందిగా, అందుకు."

పిచిక కాసేపు కిటికీ అద్దం మీద వేలితో ఏదో రాసింది. చెరపలేదు.

"నువ్వు టీచర్‌కి చెప్తే నీ ఆఫీసు వాళ్ళు తిడతారా?"

"ఎవరన్నారు?"

"ఎవరూ అన్లేదు. ఊరికే. ఉద్యోగం పోతుందా?"

"పోదు," అంది కత్తెర. అని నవ్వింది కూడా.

పిచిక ఆ నవ్వుని చూసింది. చాలాసేపు చూసింది. ఆ పిల్లకి పుస్తకంలో లెక్క చెయ్యడం రాకపోవచ్చు గానీ ముఖాల్లో కనుబొమ ఎంత కదిలిందో, పెదవి ఎక్కడ బిగిసిందో చదవడంలో ఆరితేరిపోయింది. నేర్పింది ఆ తల్లే. ఆ చూపుకి కత్తెర నవ్వు అలాగే పెట్టుకోలేక బయటికి చూసింది.

చెప్పేస్తాను, లోపలికి అడుగుపెట్టగానే చెప్పేస్తాను, అని దారి పొడుగునా అనుకుంటూనే ఉంది. ఏం చెప్పాలో మాటలు కూర్చుకుంది. ఇదివరకు తెరల మీద మాటలు కోసినట్టే వాటినీ కోసి కోసి, చివరికి మూడు వాక్యాలు చేసుకుంది. తప్పు పిల్లది కాదు. నేను గీసిన తెరది. దాన్ని మీ పిల్లలకి పెట్టకండి.

హెడ్మిస్ట్రెస్ గదిలో ఫ్యాను కిర్రుమంటోంది. క్లాసు టీచరు ఒక పక్కగా నిలబడి ఉంది. చిన్న వయసు, నిద్రలేని కళ్ళు. పిల్లని పట్టించాననే సంబరం ఆమె ముఖంలో ఎక్కడా లేదు.

"రండి రండి," అంది హెడ్మిస్ట్రెస్, పెద్దరికంతో కూడిన నవ్వుతో. "ఇలాంటి పని మీద మిమ్మల్ని పిలవాల్సి వచ్చింది, నాకే ఇబ్బందిగా ఉంది. పక్క గది చూశారా? మీ సాఫ్ట్‌వేర్ కోసమే సున్నం వేయించాం. కొత్త బల్లలు కూడా వచ్చేశాయి."

"మేడం, దాని గురించే ముందు నేనొక మాట చెప్పాలి."

"తప్పకుండా. ముందు అమ్మాయిని ఒకసారి అడిగేద్దాం. పిల్ల పాపం బిగదీసుకుపోయి ఉంది. తర్వాత మనం తీరిగ్గా మాట్లాడుకుందాం. సరేనా?"

సరే అనకూడదు. కాదండీ, ముందు నేను చెప్పాలి, అని గట్టిగా అనాల్సింది. ఆ తర్వాత ఎన్ని ఏళ్ళు గడిచినా కత్తెర తలుచుకుని తలుచుకుని కుమిలిపోబోయేది ఆ ఒక్క నిమిషం గురించే.

"సరే మేడం," అంది.

అన్నాక గుండెల మీంచి బరువు దిగినట్టు ఊపిరి వదిలింది. చెప్పక తప్పని మాట కాస్త వెనక్కి జరిగినందుకు భుజాలు సడలాయి, ముఖం తేటపడింది. ఆమెకి తెలియకుండానే జరిగింది. పక్కన నిలబడి పిచిక ఆ ముఖాన్ని చూసింది.

"దగ్గరికి రామ్మా," అంది హెడ్మిస్ట్రెస్. "భయపడకు. నిజం చెప్తే ఎవరూ కొట్టరు. పరీక్షలో నువ్వు కాపీ కొట్టావా?"

పిచిక రెండడుగులు ముందుకి వేసింది. హెడ్మిస్ట్రెస్ వంక చూడలేదు. టీచరు వంక చూడలేదు. వెనక్కి తిరిగి తల్లి వంకా చూడలేదు. తన చెప్పుల వంక చూసుకుంటూ, ఆరేడులెంతంటే చెప్పినట్టు టక్కున చెప్పింది.

"కొట్టాను మేడం."

"ఎవరి దగ్గర?"

"అందరి దగ్గరా."

క్లాసు టీచరు కళ్ళు మూసుకుంది. "అయ్యో, ఎందుకమ్మా అలా చేశావు?" అంది నెమ్మదిగా. పిచిక దానికీ తలెత్తలేదు.

తడబాటు లేదు, చెరపడం లేదు. ఇంతకాలానికి ఆ పిల్ల ఎవరి ముఖమూ చూడకుండా తనంతట తాను ఒక జవాబు చెప్పింది. అది తప్పు జవాబని ఆ గదిలో ఇద్దరికే తెలుసు.

హెడ్మిస్ట్రెస్ నిట్టూర్చి, కుర్చీలో వెనక్కి వాలింది.

"ఒప్పుకుంది, అదొక్కటే మంచి విషయం. నియమం నియమమే, నేనేం చెయ్యలేను, మీరు అర్థం చేసుకోవాలి." తర్వాత కత్తెర వైపు తిరిగింది. "ఇందాక మీరేదో చెప్పాలన్నారు. చెప్పండి."

కత్తెర నోరు తెరిచింది. కూర్చుకున్న మూడు వాక్యాల్లో మొదటిది, తప్పు పిల్లది కాదు. ఆ మాట ఇప్పుడంటే బిడ్డ అబద్ధం చెప్పిందని బిడ్డ ఎదుటే చెప్పాలి. తనకోసం ఆ పసిది మోసిన బరువుని అందరి ముందూ దాని నెత్తి మీంచి లాగి కింద పడెయ్యాలి. అనకపోతే ఆ బరువు దాని నెత్తినే ఉంటుంది.

"చెప్పండమ్మా," అంది హెడ్మిస్ట్రెస్ మళ్ళీ.

ఏం చెప్పాలో తోచక, జవాబు కోసం ఈసారి తల్లే కూతురి ముఖం వంక చూసింది.

పిచిక తలెత్తలేదు.